డాక్టరు ఎవరి మనిషి?

ఒంట్లో బాగాలేకపోతే డాక్టరు దగ్గరికి వెళ్తాం. ఫీజు మనమే ఇస్తాం, మందులచీటీ మనకే రాస్తారు. ఆయన ఎవరి మనిషన్న సందేహమే రాదు. కానీ ఫీజు మనం కాక ఇంకొకరు ఇచ్చే చోట్లు చాలా ఉన్నాయి. ఫ్యాక్టరీ డాక్టరుకి జీతం యాజమాన్యం ఇస్తుంది. హాస్టలు పిల్లల్ని చూసే డాక్టరుని కాలేజీవాళ్ళు పెట్టుకుంటారు. ఆటగాళ్ళ వెంట ఉండే డాక్టరుని జట్టువాళ్ళే నియమిస్తారు. మరి అక్కడ డాక్టరు ఎవరి మనిషి? జీతం ఇచ్చేవాళ్ళ మనిషా? ఎదురుగా బల్ల మీద పడుకున్న పిల్లాడి మనిషా?

ఇది ఊరికే వాదం కోసం అడుగుతున్న ప్రశ్న కాదు. అమెరికాలో ఒక డాక్టరు సరిగ్గా ఈ ప్రశ్న మీదే కోర్టుకెక్కి అయిదేళ్ళు పోరాడారు. అక్కడెక్కడో జరిగింది మనకెందుకు అనుకోకండి. చదువుకోసమో ఆటకోసమో పిల్లల్ని గడప దాటించిన ప్రతి తల్లికీ దీనితో పని ఉంది.

పెన్సిల్వేనియా రాష్ట్రంలో పెన్ స్టేట్ అని పెద్ద విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి ఫుట్‌బాల్ మన పిల్లలు కాళ్ళతో తన్నే ఫుట్‌బాల్ కాదు. తలకి హెల్మెట్, భుజాలకి దళసరి మెత్తలు కట్టుకుని, కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతి కోసం పొట్టేళ్ళలా ఢీకొనే ఆట. ఆడేది కాలేజీ కుర్రాళ్ళే. కానీ ఆ స్టేడియంలో లక్షమందికి పైగా పడతారు! టిక్కెట్లు, టీవీ హక్కులు... అదంతా కోట్ల డాలర్ల వ్యవహారం. ఆ జట్టు కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌తో 2021లో పదేళ్ళకి కుదుర్చుకున్న ఒప్పందం విలువ కనీసం ఏడున్నర కోట్ల డాలర్లు. ఆడే కుర్రాళ్ళకి మాత్రం అప్పట్లో జీతం లేదు. చదువు, తిండి, వసతి ఖర్చులు భరించే స్కాలర్‌షిప్పే వాళ్ళకి దక్కేది. విశ్వవిద్యాలయాలు ఆటగాళ్ళకి తమ రాబడిలో నేరుగా వాటా ఇవ్వడం 2025 జూలైలో గానీ మొదలు కాలేదు.

ఆ జట్టుకి వైద్యం చూసిన ఎముకల డాక్టరు పేరు స్కాట్ లించ్. ఆయనకి ఉద్యోగం ఇచ్చింది విశ్వవిద్యాలయానికి అనుబంధమైన ‘పెన్ స్టేట్ హెల్త్’ అనే ఆస్పత్రుల సంస్థ. 2019 మార్చిలో ఆయన్ని జట్టు వైద్యుడి బాధ్యతల నుంచి తప్పించారు. ఆ ఆగస్టులోనే ఆయన దావా వేశారు. గాయాలు పూర్తిగా మానకముందే ఆటగాళ్ళని మైదానంలోకి పంపమని కోచ్ తన మీద ఒత్తిడి తెచ్చారనీ, వైద్య నిర్ణయాల్లో జోక్యం చేసుకున్నారనీ, లొంగనందుకూ పైవాళ్ళకి చెప్పినందుకూ తన పదవి పోయిందనీ ఆయన ఆరోపణ.

అవతలివాళ్ళ మాట కూడా వినాలి కదా. ఆ ఆరోపణల్ని సంస్థ ఒప్పుకోలేదు. లించ్ ఉండేది దూరంగా మరో ఊళ్ళో, జట్టు ఉన్న ఊళ్ళోనే ఉండే డాక్టరు కావాలని మార్చాం, ఆటగాళ్ళ మేలు కోసమే చేశాం అంది. కోచ్ మీదా విశ్వవిద్యాలయం మీదా వేసిన దావాని, గడువు దాటిందన్న కారణంతో కోర్టు ముందే కొట్టేసింది. అంటే కోచ్ తప్పు చేశారని ఏ కోర్టూ తీర్పు చెప్పలేదు. ఆస్పత్రుల సంస్థ మీద కేసు మాత్రం నిలిచింది. 2024 మేలో డాఫిన్ కౌంటీలో మామూలు పౌరులతో కూడిన జ్యూరీ సాక్ష్యాలన్నీ విని లించ్ పక్షాన తీర్పు చెప్పింది. నష్టపరిహారం రెండున్నర లక్షల డాలర్లు, సంస్థకి శిక్షగా మరో 50 లక్షల డాలర్లు. మొత్తం అప్పటి మన లెక్కలో దాదాపు 44 కోట్ల రూపాయలు. నష్టం కంటే శిక్ష ఇరవై రెట్లు! ఆ అంకెల్లోనే జ్యూరీ మనసు తెలుస్తోంది.

ఇందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతి మరొకటి ఉంది. అమెరికా కాలేజీ ఆటల్లో దీనికి నియమం అప్పటికే ఉంది. గాయపడ్డ ఆటగాడు మళ్ళీ ఎప్పుడు ఆడాలన్నది డాక్టరూ వైద్య సిబ్బందీ మాత్రమే నిర్ణయించాలని, ఆ మాటని కోచ్‌తో సహా ఎవ్వరూ కాదనకూడదని పెద్ద జట్లున్న విశ్వవిద్యాలయాలు 2016లోనే నియమం రాసుకున్నాయి. సుమారు మూడేళ్ళకే లించ్ పదవి పోయింది. నిర్ణయాన్ని మార్చకూడదు అని రాశారు, బాగుంది. నిర్ణయించే మనిషినే మార్చేస్తేనో! కుర్చీ లాగేసే చెయ్యి అలాగే ఉన్నప్పుడు, కుర్చీలో కూర్చున్నవారికి ఎన్ని అధికారాలు రాసిచ్చి ఏం లాభం?

ఒత్తిడి అంటే కోచ్ వచ్చి గట్టిగా కేకలెయ్యడం ఒక్కటే కాదు. చాలాసార్లు అది నవ్వుతూ వస్తుంది. “శనివారం పెద్ద ఆట ఉంది డాక్టర్‌గారూ, కాస్త చూడండి” అంటూ వస్తుంది. ఇంకా చిత్రమేమిటంటే ఆ పిల్లాడే “నాకేం నొప్పి లేదు” అంటాడు. ఎందుకనడు? తన చోటు ఇంకొకడికి పోతుందని భయం. స్కాలర్‌షిప్పు పోతుందేమోనని భయం. తోటివాళ్ళు పిరికివాడంటారని భయం. పంతొమ్మిదేళ్ళ వయసులో మోకాలు విలువ ఎవరికి తెలుస్తుంది? అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా అని సామెత ఉండనే ఉంది. తల్లి మాట ఎలాగూ చెవికెక్కదు. కోచ్‌కి గెలుపు కావాలి, జనానికి ఆట కావాలి, పిల్లాడికి పేరు కావాలి. అందరూ ‘ఊఁ’ అనేవాళ్ళే అయిన చోట ‘ఊహూఁ’ అనగలిగిన ఒకే ఒక్క మనిషి డాక్టరు. ఆ మనిషి నోరే నొక్కేస్తే ఇక పిల్లాడికి దిక్కెవరు?

ఆ ‘ఊహూఁ’ విలువ చిన్నది కాదు. తలకి దెబ్బ తగిలి మెదడు అదిరాక, అది పూర్తిగా తేరుకోకముందే రెండో దెబ్బ తగిలితే మెదడు ఒక్కసారిగా వాచి ప్రాణమే పోవచ్చు. అరుదే గానీ, ఆ అరుదైన వాళ్ళలో ఎక్కువమంది చిన్నవయసు వాళ్ళే. మోకాల్లో లిగమెంటు తెగి ఆపరేషన్ అయితే కనీసం తొమ్మిది నెలలు ఆటకి దూరంగా ఉండమంటారు. తొందరపడితే మళ్ళీ తెగే ప్రమాదం పెరుగుతుంది. ఈ గాయం మగపిల్లల కంటే ఆడపిల్లలకే ఎక్కువ అవుతుంది కూడా. మన ఊళ్ళలో కబడ్డీ, ఖోఖో ఆడే అమ్మాయిల తల్లులు గుర్తుంచుకోవలసిన విషయం ఇది.

ఆపేవాళ్ళు లేకపోతే ఏమవుతుందో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో చూశాం. 2018 మే 29న జోర్డాన్ మెక్‌నెయిర్ అనే పంతొమ్మిదేళ్ళ ఫుట్‌బాల్ ఆటగాడు పరుగుల సాధన చేస్తూ వడదెబ్బకి కుప్పకూలాడు. అలాంటప్పుడు ఒంటిని వెంటనే చన్నీళ్ళలో ముంచి చల్లబరచాలి. అది జరగలేదు. జూన్ 13న పిల్లాడు పోయాడు. చట్టరీత్యానూ నైతికంగానూ బాధ్యత తమదేనని విశ్వవిద్యాలయం అధ్యక్షుడు ఒప్పుకున్నారు. కోచ్ ఉద్యోగం అక్టోబరు నెలాఖరున పోయింది. 2021లో ఆ కుటుంబానికి 35 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పందం కుదిరింది. కొడుకు పేరిట ఒక సంస్థ పెట్టి, మిగతా పిల్లలకి ఇలా జరగకుండా వడదెబ్బ గురించి ప్రచారం చేస్తున్నారు ఆ తల్లిదండ్రులు. గోడకి కొట్టిన సున్నం తిరిగొస్తుందా? అయినా ఇతరుల పిల్లలకోసం నిలబడ్డారు చూడండి, అక్కడ నా తల వంగింది.

మాట మీద నిలబడ్డ డాక్టర్లలో మన తోటి ఆడమనిషి కూడా ఉంది. ఇది కాలేజీ ఆట కాదు, లండన్‌లో చెల్సీ అనే పేరున్న క్లబ్బు, మనకి తెలిసిన ఫుట్‌బాలే. దాని డాక్టరు ఎవా కార్నెరో. 2015 ఆగస్టులో ఒక ఆట చివరి నిమిషాల్లో ఆటగాడు కిందపడితే, రిఫరీ పిలిచాడని ఆమె మైదానంలోకి పరుగెత్తింది. వైద్యం చేయించుకున్న ఆటగాడు నియమం ప్రకారం కాసేపు బయటికి వెళ్ళాలి. అసలే పదిమందితో ఆడుతున్న జట్టు తొమ్మిదిమందికి పడిపోయింది. మేనేజరు మౌరీన్యోకి కోపం వచ్చింది. వైద్యులకి ఆట అర్థం కావాలి అని బహిరంగంగా అన్నాడు. తర్వాత ఆటల రోజున ఆమెని జట్టు దగ్గరికి రానివ్వలేదు. సెప్టెంబరులో ఆమె ఆ క్లబ్బు వదిలేసింది. కేసు వేసింది. రాజీకి 12 లక్షల పౌండ్లు ఇస్తామన్నా ముందు ఒప్పుకోలేదు. చివరికి 2016 జూన్‌లో రాజీ కుదిరిన రోజు క్లబ్బు బేషరతుగా క్షమాపణ చెప్పింది. ఆమె ఆట నియమాలనీ డాక్టరుగా తన బాధ్యతనీ పాటించిందని ఒప్పుకుంది. కిందపడ్డవాణ్ణి చూసి పరుగెత్తడం తప్పు కాదని చెప్పడానికి పది నెలలు పట్టిందన్నమాట!

మన సంగతి కూడా కాస్త మాట్లాడుకుందాం. 2022లో మన సింధు బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ పోటీల్లో కాలినొప్పితోనే ఆడి బంగారు పతకం తెచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం, కొట్టవలసిందే. హైదరాబాదు వచ్చి పరీక్షలు చేయిస్తే ఎడమకాలి ఎముకకి చీలిక ఉందని తేలింది. ఆమె ప్రపంచ పోటీల నుంచి తప్పుకుని దాదాపు అయిదు నెలలు ఆటకి దూరంగా ఉండి మానాకే తిరిగొచ్చింది. నొప్పితో ఆడిన రోజుని మనం తల్చుకున్నంతగా, ఆగిన అయిదు నెలల్ని తల్చుకుంటామా? పిల్లలు మనం దేనికి చప్పట్లు కొడతామో చూసే నేర్చుకుంటారు.

ఇళ్ళలోనూ ఇదే ధోరణి. రేపు పరీక్ష ఉంది, ఒక్క ఇంజెక్షన్ ఇచ్చెయ్యండి డాక్టర్‌గారూ అంటాం. ఎల్లుండి పెళ్ళి ఉంది, ఎలాగోలా లేచి తిరిగేలా చెయ్యండి అంటాం. “నాలుగు రోజులు పడుకోవాలమ్మా” అన్న డాక్టరుకి చేతకాదని వీధి చివర ఇంకో డాక్టరు దగ్గరికి పోతాం. నాకు తెలిసిన ఒకావిడ చాలాకాలం ఒక మిల్లు ఆస్పత్రిలో డాక్టరుగా చేశారు. ఆవిడ ఒకసారి నాతో అన్న మాట మర్చిపోలేను. “ఫిట్ అని రాస్తే అందరూ దండం పెడతారు వదినా. అన్‌ఫిట్ అని రాసిన రోజు మాత్రం ఆ గదిలో నేను ఒక్కదాన్నే!” అన్నారు.

ఆవిడని ఆ గదిలో ఒంటరిగా వదలకూడదు. నేను చెప్పదల్చుకున్నది అదే. జట్టుకో కాలేజీకో డాక్టరుని పెట్టే అధికారం, తీసే అధికారం గెలుపు కోరే మనిషి చేతిలో ఉండకూడదు. తొలగిస్తే కారణం కాగితం మీద రాసి, ఆటతో సంబంధం లేని పెద్దల ముందు పెట్టాలి. ఇది నియమాలు రాసేవాళ్ళ పని. మన పనీ కొంత ఉంది. పిల్లని అకాడమీలోనో స్పోర్ట్స్ హాస్టల్లోనో చేర్చే రోజున ఫీజు ఎంత, భోజనం ఎలా ఉంటుంది అని అడుగుతాం కదా. దెబ్బ తగిలితే మళ్ళీ ఎప్పుడు ఆడాలో ఎవరు చెప్తారు అని కూడా అడగండి. ఆ మాట డాక్టరు రాసి ఇవ్వాలని పట్టుబట్టండి. అనుమానం వస్తే వాళ్ళతో సంబంధం లేని మరో డాక్టరుకి చూపించండి. నొప్పి అన్న పిల్లని “సోకులు” అని విసుక్కోకండి. అన్నిటికంటే ముఖ్యం, ‘ఇప్పుడే వద్దు’ అన్న డాక్టరు కనపడితే నలుగురిలో మెచ్చుకోండి.

చివరగా ఒక్క సంగతి. 2025 అక్టోబరులో పెన్ స్టేట్ కోచ్ ఫ్రాంక్లిన్ ఉద్యోగం కూడా పోయింది. డాక్టరు కేసుకీ దానికీ సంబంధం లేదు. వరసగా మూడు ఆటలు ఓడిపోయారు, తీసేశారు, అంతే. కోచ్ పనికి కొలత స్కోరుబోర్డు మీద అందరికీ కనపడుతుంది. డాక్టరు పనికి కొలత ఎక్కడుంది? రాలేని ఆటకి రాకుండా, నలభయ్యేళ్ళ వయసులో కుంటకుండా మెట్లెక్కుతున్న మనిషిలో ఉంది. అది ఏ స్కోరుబోర్డూ చూపించదు. మనమే చూడాలి.