మన తపాలా పెట్టె తాళం ఎవరి చేతిలో?



అవినాశి చుట్టుపక్కల స్పిన్నింగ్ మిల్లుల నుండి ఫిర్యాదులు ఒకప్పుడు ఇన్లాండు కవర్లలో వచ్చేవి. నేడు ఈమెయిల్‌లో వస్తున్నాయి. పి.ఎఫ్. జమ కాలేదని, ఓవర్‌టైం ఎగ్గొట్టారని రాసినవారి పేరు, టోకెన్ నంబరు వాటిలో ఉంటాయి. అటువంటి ఉత్తరాలు కార్యవర్గంలో ఎవరో ఒకరి సొంత ఖాతాలో ఉండరాదని మా అభిప్రాయం. ఆయన పదవి దిగితే ఉత్తరాలూ ఆయనతోనే పోతాయి. సంఘానికి సొంత సర్వరు, దాని మీద సొంత ఈమెయిల్ కావాలి.

సాఫ్ట్‌వేరుకు పైసా ఖర్చు లేదు. సర్వరు అద్దె, సంఘం పేరుతో డొమైన్‌కు ఏటా కట్టే రుసుము, అంతే. లినక్స్ యంత్రం మీద పోస్ట్‌ఫిక్స్ ఉత్తరాలను పంపుతుంది, అందుకుంటుంది. డవ్‌కాట్ వాటిని ఎవరి పెట్టెలో వారికి అందిస్తుంది. అపాచీ వెబ్ సర్వరు మీద రౌండ్‌క్యూబ్ పెడితే ఏ ఫోన్ బ్రౌజరులోనైనా చదవవచ్చు.

ఈ చివరిది హాస్టళ్లలో ఉండే మన ఆడపిల్లలకు ముఖ్యం. ఫోన్‌లో ఏ యాప్ ఎక్కించనక్కరలేదు. చదివి లాగౌట్ అయితే చాలు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వారి ఉచిత సర్టిఫికెట్ పెడితే, మిల్లు వైఫైలో చూసినా రాసిందేమిటో యాజమాన్యానికి తెలియదు. అయితే ఏ సైటు తెరిచారో తెలియవచ్చు. కాబట్టి మిల్లు వైఫై వాడవద్దని చెప్పక తప్పదు.

కష్టం ఉత్తరం పంపడంలో ఉంది. సర్వరు అద్దెకిచ్చే కంపెనీలు చాలావరకు 25వ నంబరు పోర్టును మూసి ఉంచుతాయి, రాసి తెరిపించుకోవాలి. 2024 ఫిబ్రవరి నుండి జీమెయిల్‌కు పంపేవారందరికీ ఎస్‌.పి.ఎఫ్. లేదా డి.కె.ఐ.ఎం. తప్పనిసరి, మనం రెండూ పెట్టుకోవాలి. అవి లేకుంటే మన సమ్మె నోటీసు స్పామ్‌లో పడుతుంది, లేదా తిరిగొస్తుంది.

ఉచిత ఖాతా ఉండగా ఇదంతా దేనికని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పెద్ద కంపెనీల కాపలా మనకన్నా గట్టిది. కానీ ఆ ఖాతా ఒకనాడు మూతపడితే ఏ గేటు ముందు మీటింగు పెడతాం?

సర్వరు నిలబెట్టడం రెండు రోజుల పని. కాయడం ఏడాది పొడుగునా పని. తెగిన దారం అతికే సైడరు లేని ఫ్రేము ఎలా ఉంటుందో మనకు తెలియనిది కాదు. అప్‌డేట్లు వేయాలి, దొంగ లాగిన్లు గమనించాలి, రోజూ నకలు తీసి వేరే చోట దాచాలి. అందుకు ఒక్కరు చాలరు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఇద్దరిని ఎన్నుకొని, పాస్‌వర్డును సీలు కవరులో కోశాధికారి బీరువాలో ఉంచాలని ప్రతిపాదిస్తున్నాము. ఆ ఇద్దరిలో ఒకరైనా నేడు ఫ్రేముల మీద పనిచేస్తున్న స్త్రీ కావాలి.