బకాయిపడిన జీతములు

ఒక పట్టణమందలి చిన్న ముద్రణాలయమును తలచుకొందము. దాని యజమాని దుర్మార్గుడు కాడు. ఒకప్పుడు తానే మిషనువద్ద నిలువుకాళ్లమీద పనిచేసి పైకి వచ్చినవాడు. ఇప్పు డాయనయొద్ద ఎనమండుగురు పనివారు గలరు. ఒక పెద్ద విద్యాసంస్థకు పుస్తకములచ్చొత్తి యిచ్చినాడు. ఆరు మాసములైనను ఆ బిల్లు రాలేదు. ఆయన మొదట కాగితపు వ్యాపారికి కొంత యిచ్చినాడు, ఈయకున్న సరకు రాదు. పిదప బ్యాంకునకు వాయిదా కట్టినాడు, కట్టకున్న మిషను పోవును. విద్యుచ్ఛక్తి బిల్లు చెల్లించినాడు, చెల్లింపకున్న దీప మారును. ఇక మిగిలినవారు పనివారు. వారితో “వచ్చే నెల చూతము” అనినాడు. అట్లనుచుండగనే మూడు నెలలు గడచిపోయినవి. ఇది మేము కల్పించి చెప్పిన ఉదాహరణమే. అయినను ఇట్టిదానిని తమ వీథిలో చూచియుండని పాఠకులు కొలదిమందియే యుందురు.

ఈ కథలో విచారింపదగిన విషయ మొకటి గలదు. యజమానికి బాకీదారులు నలుగురుండగా పనివాడే కడపటివా డేల యయ్యెను? అతని బాకీ చిన్నదగుటచేత కాదు, అన్యాయమైనదగుటచేత నంతకంటెను కాదు. తక్కిన ముగ్గురిచేతను ఒక్కొక్క ఆయుధము గలదు. వ్యాపారి సరకాపగలడు; బ్యాంకు జప్తు చేయగలదు; విద్యుత్‌శాఖ తీగ తెంపగలదు. పనివానికి గలది ఓర్పొక్కటియే. కావున ఋణముల వరుస న్యాయమునుబట్టి గాక భయమునుబట్టి యేర్పడుచున్నది. ఈ వరుస తలక్రిందులు కావలయుననియు, చేసిన పనికి జీతమే యజమాని తీర్పవలసిన మొదటి ఋణమనియు మా అభిప్రాయము.

“లాభము వచ్చినన్నాళ్లు నెల తప్పకుండ ఇచ్చినాను, నష్టకాలమున వారును కొంత ఓర్చుకొనవలదా?” అని యజమానులు కొంద రడుగుచుందురు. వినుట కిది సమంజసముగనే యుండును. కాని నష్టములో పాలు పంచుకొనవలసినవాడు లాభములో పాలుగలవాడు. మంచి యేడు వచ్చినపుడు యజమాని మేడపై మేడ కట్టుకొనును; పనివానికి దసరా మామూలు దక్కిన గొప్ప. అది తప్పని మే మనము. పెట్టుబడి పెట్టినవాడు, చిక్కులు తలకెత్తుకొన్నవాడు లాభము పొందుట సహజము. కాని ఆ లాభమునకు హక్కు గలుగుటకు కారణము నష్టమును తానే భరించుట. లాభము నాది, నష్టము మనది యనుట ఏ పద్దుపుస్తకమునను ఒప్పదు.

నిజమునకు బకాయిపడిన జీత మనగా పనివాడు యజమానికిచ్చిన అప్పు. దానికి నోటు లేదు, వడ్డీ లేదు, గడువు లేదు, ఇచ్చినవాని సమ్మతియు లేదు. నెలకు 18,000 రూపాయల జీతగానికి మూడు నెలలది 54,000 రూపాయలు నిలిచిపోయినదనుకొందము. అత డా మూడు నెలలు అద్దె కట్టక తప్పదు, బియ్యము కొనక తప్పదు, బిడ్డల బడి జీతము కట్టక తప్పదు. అందులకై నూటికి మూడు రూపాయల వడ్డీకి ఆ మొత్తము తెచ్చుకొన్నచో నెలకు 1,620 రూపాయలు వడ్డీక్రిందనే పోవును. అనగా యజమాని వాడుకొన్న సొమ్మునకు వడ్డీ కట్టువాడు కూలివాడు. బ్యాంకునకు వడ్డీ తప్పకుండ చెల్లించు పెద్దమనిషి ఈ వడ్డీ సంగతి యెన్నడును తలపెట్టడు.

భూవసతిగల మా పాఠకులకు ఇంకొక విధముగ చెప్పవచ్చును. వెనుకటి కాలమున పంట పోయినపుడు రైతు శిస్తులో వజా కోరి సర్కారునకు అర్జీ పెట్టుకొనువాడు. తనంతట తానే వజా చేసికొని యింట కూర్చుండెడివాడు కాడు. కూర్చున్నచో జప్తు వచ్చెడిది. వజా ఇచ్చుటకు అధికారము బాకీ రావలసినవానిదే గాని బాకీపడినవానిది కాదు. జీతముల విషయమునను న్యాయ మదియే. గడువు కావలసిన యజమాని పనివానిని అడిగి, అతని సమ్మతి పొంది, గడువు తీసికొనవచ్చును. అడుగకయే గడువు తీసికొనుట గడువు కాదు, ఎగవేతకు మొదటిమెట్టు.

జీతమీయని యజమానునకు దండన విధించుట మన దేశమునకు క్రొత్తది కాదు. కౌటిలీయార్థశాస్త్రమే అట్టివానికి జుల్మానా విధించినది. ఆధునిక కాలమున 1936 నాటి వేతన చెల్లింపు చట్టము జీత మిన్ని దినములలో నీయవలయునని గడువు నిర్ణయించెను. దాని స్థానమున 2019లో పార్లమెంటు చేసిన వేతనముల స్మృతి 2025 నవంబరు 21న అమలునకు వచ్చినది. పాత చట్టము ఒక పరిమితికి లోబడిన జీతగాండ్రకే వర్తించెడిది. ఈ స్మృతియం దట్టి పరిమితి లేదు. నెలజీతము మరునెల ఏడవ దినము దాటకుండ నీయవలయును. పనివానిని తొలగించినను, అతడే మానుకొన్నను, స్థాపనము మూతపడినను రెండు పనిదినములలోగా లెక్క తేల్చవలయును. ఈయనిచో మూడు సంవత్సరములలోగా ఇందులకు నియమింపబడిన అధికారియెదుట దావా పెట్టుకొనవచ్చును. పనివాడు తానే గాని, రిజిస్టరైన కార్మికసంఘము గాని, ఇన్‌స్పెక్టరు గాని ఈ దావా వేయవచ్చును. జీతము చెల్లించితినని ఋజువు చేయు భారము యజమానిదే. అధికారి బాకీతోపాటు దానికి పదిరెట్లవఱకు పరిహారమును విధింపవచ్చును. మూడు నెలలలో తీర్పు చెప్పుటకు యత్నింపవలయును. ఆ తీర్పునకును లొంగనిచో సర్టిఫికెట్టు కలెక్టరునకు పోవును. కలెక్టరు దానిని శిస్తు బకాయివలె వసూలు చేయవలయును. మేము పైన చెప్పిన ఉపమానము చట్టమునకే సమ్మతమని దీనివలన తెలియుచున్నది.

“నాకు శక్తి లే”దను వాదము విషయమున మన అత్యున్నత న్యాయస్థానము చాలకాలము క్రిందటనే నిష్కర్షగా చెప్పినది. కనీసవేతన మీయలేని పరిశ్రమకు నిలిచియుండు హక్కే లేదని 1957లో క్రౌన్ అల్యూమినియం వ్యాజ్యమున తీర్మానించినది. కనీసవేతనముకంటె తక్కువ కిచ్చి పని చేయించుకొనుట రాజ్యాంగము 23వ అధికరణము నిషేధించిన వెట్టిచాకిరియేయని 1982లో ఆసియా క్రీడల నిర్మాణకార్మికుల వ్యాజ్యమున చెప్పినది. తక్కువ యిచ్చుటయే వెట్టియైనచో, ఏమియు నీయక పని చేయించుకొనుటకు వేరు పేరేల వెదకవలయును?

ఇక పనివారికి రెండు మాటలు. మన దేశమున జీతము పోవుటకు చట్టము లేకపోవుట కంటె మొగమాటము పెద్ద కారణము. “అయ్య మంచివాడు, కష్టములో నున్నాడు, ఇప్పు డడుగుట బాగుండదు” అని ఆరు నెలలు కాచుకొనినవానికి ఏడవ నెలలో తలుపునకు తాళము కనబడును. తాకట్టుపడిన మిషనును బ్యాంకువారు తీసికొనిపోవుదురు. అద్దెయిల్లు ఇంటివాడు స్వాధీనము చేసికొనును. కాగితపు రీములు వ్యాపారి బండికెక్కును. సర్టిఫికెట్టు చేతికి వచ్చునప్పటికి జప్తు చేయుటకు గోడగడియారము తప్ప మిగులదు. చితికిన వ్యాపారమునుండి రాబట్టవలసిన బాకీకి కాలమే ప్రథమశత్రువు. కావున మొదటి నెల తప్పినపుడే మేల్కొనవలయును.

అడుగుట యనగా కలహించుట కాదు. ఏయే దినములు పనిచేసినది, ఎంత జీతము మాట్లాడుకొన్నది, ఎంత ముట్టినది వ్రాసి పెట్టుకొనవలయును. జీతపుచీట్లు, బ్యాంకు పద్దు, హాజరు తెలుపు కాగితములు, ఫోనులో వచ్చిన సందేశములు భద్రపఱచుకొనవలయును. పిదప బాకీ యింతయని వివరముగ నొక కాగితము వ్రాసి, తారీకు వేసి, రిజిస్టరు టపాలో పంపి, నకలు దాచుకొనవలయును. యజమాని నిజాయితీపరుడై వాయిదాలు కోరినచో నంగీకరించుట వివేకమే. కాని ఆ వాయిదాలు తారీకులతో కాగితముమీద నుండవలయును, మొదటి వాయిదా సొమ్ము వెంటనే చేతబడవలయును. రాని సొమ్మునకు రసీదు వ్రాసియీయరాదు. తెల్లకాగితముపై సంతకము చేయనేరాదు. జీతమునుండి భవిష్యనిధికని కోసిన సొమ్ము జమ యైనదో లేదో కూడ చూచుకొనవలయును. కోసి కట్టకుండుట వట్టి బాకీ కాదు, భారతీయ న్యాయసంహిత 316వ సెక్షనుక్రింద నమ్మకద్రోహ నేరము. వాయిదా తప్పినచో ఎనమండుగురును కలిసి కార్మికశాఖ కార్యాలయమునకు పోవలయును. ఒక్కడు పోయినచో ద్రోహి యనిపించుకొనును. అందరును పోయినచో లెక్క తేలును.

యజమానులకును చెప్పవలసినది గలదు. మీ కష్టము నిజమైనచో పద్దుపుస్తకము పనివారి యెదుట తెరచి చూపుడు. చీకటిలో నుంచబడినవాడు అనుమానించును గాని లెక్క చూచినవాడు చాలవఱకు సహించును. జీత మీయలేనని తెలిసియు పని చేయించుకొనకుడు. చక్కగా లెక్క తేల్చి పంపివేయుట ఆశపెట్టి నిలుపుకొనుటకంటె గౌరవము. మీ యింటి ఖర్చునకు తీసికొను సొమ్ము పనివారి జీతముల తరువాతనే యుండనిండు. అన్నిటికంటె ముఖ్యము, మీకు రావలసిన బాకీని మీ రడుగుడు. చిన్న పరిశ్రమల కొఱకు 2006లో చేసిన చట్టముప్రకారము, సరకు నంగీకరించిన దినమునుండి 45 దినములు దాటకుండ కొనుగోలుదారు సొమ్ము చెల్లింపవలయును. తప్పినచో రిజర్వు బ్యాంకు ప్రకటించు బ్యాంకురేటునకు మూడు రెట్లు చక్రవడ్డీ, నెలనెలకు కట్టి, ఈయవలసియుండును. అట్టి ఫిర్యాదులను విచారించుటకు ఫెసిలిటేషను కౌన్సిళ్లు గలవు. అయినను, పెద్ద గిరాకీ చేజారునని భయపడి ఆ గడప త్రొక్కనివారే యెక్కువ. పెద్దవానిని అడుగుటకు జంకి చిన్నవాని కడుపు కొట్టుట వ్యాపారదక్షత కాదు.

దీనినిబట్టి ఈ పాపమున పెద్దపాలు ఎవరిదో తేటపడుచున్నది. సరకు తీసికొని నెలలతరబడి బిల్లు త్రొక్కిపెట్టు పెద్ద సంస్థ, పని చేయించుకొని గుత్తేదారునకు సొమ్ము విడుదల చేయని ప్రభుత్వశాఖ తమ కాగితములలో ఏ పనివాని పేరును చూడవు. కాని ఆ బిల్లు మరుగున ఎనిమిది కుటుంబముల పొయ్యి గలదు. వేతనచట్టమును చిన్న యజమానిమీద ప్రయోగించు ప్రభుత్వము తన బిల్లులను మాత్రము తనకు తోచినపుడు చెల్లించుట ధర్మము గాదు. ముందుగా తన యిల్లు చక్కబెట్టుకొనవలయును.

ఇంత చేసినను ఒక లోపము మిగులుచున్నది. యజమాని నిజముగనే దివాలా యెత్తినచో తీర్పుపత్రము కూడు పెట్టదు. 2016 నాటి దివాలా స్మృతి, కంపెనీ ఆస్తులు పంచునపుడు, అంతకుముందరి 24 మాసముల కార్మికుల బకాయిలకు, తాకట్టు హక్కును వదలుకొన్న ఋణదాతల బాకీలతో సమానస్థాన మిచ్చినది. మంచిదే; కాని మన వీథులలోని ముద్రణాలయములు, మరమగ్గముల షెడ్లు, హోటళ్లు కంపెనీలు కావు; ఒక మనుష్యుని పేరుతో నడచునవి. వానికి కంపెనీల విధానము వర్తింపదు. ఇతరదేశములు ఈ చిక్కును విడదీసినవి. జపానులో 1976 నాటి చట్టముప్రకారము, యజమాని దివాలాపడినచో బకాయి జీతములో నూటికి 80 వంతులు, కొంత పరిమితికి లోబడి, ప్రభుత్వమే చెల్లించును. కోర్టులో దివాలా తీయకయే మూతపడిన చిన్న స్థాపనములవారికిని అధికారుల ధ్రువీకరణముపై ఇది దొరకును. జర్మనీలో దివాలాకు పూర్వపు మూడు నెలల జీతమునకు పూచీ గలదు. యజమానులందరు కట్టు చందాలనుండి యది యీయబడును. మన రాష్ట్రములును ఇట్టి నిధి నేర్పఱచి, ముందు పనివానికి జీత మిచ్చి, ఆ పిమ్మట శిస్తు బకాయివలె యజమానినుండి తామే రాబట్టుకొనవచ్చును. జప్తు చేయు శక్తి గలవాడు సర్కారే యైనప్పుడు, కాచుకొనవలసినవాడును సర్కారే గావలయును గాని ఆకలిగొన్న కూలివాడు కాదు.

ధనికుడు తన ధనమునకు ధర్మకర్తయని మహాత్ముడు బోధించెను. చిన్న యజమాని ధనికుడు కాకపోవచ్చును. కాని నెల చివర పనివాని జీతము అతని చేతిలో నున్నంతవఱకు దానికి ధర్మకర్తయే. అది తన సొమ్ము కాదు. ఆ పట్టణమునందలి ముద్రణాలయమునకు రేపో మాపో ఆ బిల్లు రావచ్చును. వచ్చిననాడు కాగితపు వ్యాపారి తలుపు తట్టును, బ్యాంకు గుమాస్తా ఫోను చేయును, ఇంటివాడు గుమ్మములో నిలుచును. పనివారు మాత్రము అడుగక తమ తమ మిషనులవద్ద నిలిచియుందురు. యజమాని మొదట ఎవరివైపు నడచునో దానినిబట్టియే అతని యోగ్యత తెలియును.