అర మార్కు

నేను తెలుగు పాఠాలు చెప్పుకొని బతికేవాణ్ణి. అంచేత కంప్యూటరు ఊసెత్తితే, వీడికెందుకీ గోల అని మీరు ముక్కున వేలేసుకోవచ్చు. ఈ గోల నేను తెచ్చుకున్నది కాదండీ, మార్కులు తెచ్చిపెట్టింది.

మా కాలేజీలో రెండు పరీక్షల సగటు తీసి, అర వస్తే పైకి సవరించడం ఆచారం. ఇంజనీరింగు చదివే మా మేనల్లుడు పైథాన్ అనే భాషలో ఒక ప్రోగ్రాం రాసిచ్చాడు. ఈ సవరించే పనికి ‘రౌండ్’ అనే ఫంక్షను ఆ భాషతోబాటే పుట్టింది, మనం రాయనక్కర్లేదు. చూద్దును గదా, 35.5 వచ్చిన అబ్బాయికి 36 వేసి, 34.5 వచ్చిన అమ్మాయికి 34 వేసింది! గట్టెక్కడానికి కావలసినవి 35.

ఇది పొరపాటు కాదట. 2008లో వచ్చిన పైథాన్ 3 మొదలు, సరిగ్గా అర దగ్గర అది పక్కనున్న సరిసంఖ్యకు పోతుంది. అరలన్నీ పైకే తోస్తే పెద్ద లెక్కల్లో మొత్తం ఉబ్బిపోతుందని భయం. న్యాయమే కావచ్చు, ఆ పిల్లకు మాత్రం కాదు.

నాకు పౌరుషం వచ్చింది. అర కలిపి, చుక్క తరవాతది కొట్టేసే ఫంక్షను రెండు వరసల్లో రాసి, దానికీ ‘రౌండ్’ అనే పేరు పెట్టాను. భాష కిక్కురుమనలేదు. అమ్మాయికి 35 వచ్చింది. మీసం ఉంటే దువ్వేవాణ్ణే. ఇంతలో జాబితా అడుగున తరగతి సగటు వేయవలసిన చోట ప్రోగ్రాం చతికిలబడింది.

మేనల్లుడు వచ్చి నవ్వాడు. “తరగతి సగటును చుక్క తరవాత రెండంకెల దాకా ఉంచమని, నేను రౌండ్‌కు రెండు విషయాలు అప్పగించాను మామయ్యా. నీ రౌండ్ ఒక్కటే పుచ్చుకుంటుంది.”

“అయితే అసలుది చచ్చిందా?”

“లేదు. నువ్వు దానికి అడ్డం నిలబడ్డావంతే. పేరు పిలిస్తే పైథాన్ ముందు నడుస్తున్న ఫంక్షను లోపల వెతుకుతుంది, తరవాత ఈ ఫైల్లో, ఆఖరున తన సొంత పెట్టెలో. నీది తీసేస్తే అసలుది పలుకుతుంది.”

మనింట్లో బుజ్జి ఉండగా పక్కింటి బుజ్జి పలకదు గదా! మరి ఆ సొంత పెట్టెలోనే మార్చేస్తే? ఆ ప్రోగ్రాం వాడుకునే పరాయి ఫైళ్ళకు కూడా నా రౌండే గతి అవుతుందట. ఆగిపోతే అదృష్టం, ఆగకుండా తప్పు లెక్క చెబితే ఎవరు చూడవచ్చారు?

“పోనీ ‘ఇఫ్’ను మార్చవచ్చా?” అన్నాను. పైథాన్ ఒప్పుకోదు. ‘ఇఫ్’, ‘ఫర్’ వాక్యానికి ఎముకలు. వాటికి వేరే అర్థం కట్టబోతే ప్రోగ్రాం మొదలే కాదు. బర్క్లీలో జాన్ ఔస్టర్‌హౌట్ 1988లో తలపెట్టిన టిసిఎల్ భాషలో మాత్రం ‘ఇఫ్’ కూడా ఒక ఆజ్ఞే. దాని పేరు మార్చి, ఆ పీట మీద మన ‘ఇఫ్’ను కూచోబెట్టవచ్చు. ఆ ప్రోగ్రామును తరవాత చదివేవాడి గతి తలుచుకుంటే జాలి వేసింది.

మా వ్యాకరణంలోనూ ఇలాంటిది ఉంది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో ‘కళలు’ అంటే సంగీతం, నాట్యం కావు. చివర ద్రుతం లేని పదాలు. అయితే ఆయన సంజ్ఞా పరిచ్ఛేదంలో ముందే చెప్పి మరీ వాడాడు. నేను ఎవరికీ చెప్పలేదు.

పేరు మార్చాను. పైథాన్ 3 తెలుగు అక్షరాల్లో రాసిన పేర్లనూ ఒప్పుకుంటుంది. ‘సవరణ’ అని పెట్టాను. జాబితా గోడకెక్కింది. అమ్మాయి చూసుకొని వెళ్ళిపోయింది. వెనకాలే నిలబడ్డ 34 మార్కుల కుర్రవాడు మాత్రం, “మాస్టారూ, నాకు అర ఎక్కడైనా తగ్గిందేమో చూస్తారా?” అన్నాడు.