డాక్టర్ బాబుని బతికించమని అడిగే హక్కు మనకుందా?

సీరియల్లో ఎవరైనా పోతే ఆడవాళ్ళం కళ్ళు తుడుచుకోవడం, అది చూసి ఇంట్లో మగవాళ్ళు నవ్వడం మామూలే. ఆఖరి ఓవర్లో మ్యాచ్ పోయిందని ఆ రాత్రి అన్నం మానేసేవాళ్ళు కూడా మనల్ని చూసి నవ్వుతారు! అందుకే ముందే చెప్పేస్తున్నాను, ఆ ఏడుపుకి సిగ్గుపడక్కర్లేదు. రోజూ సాయంత్రం ఏడున్నరకి, పొయ్యి మీద కూర ఉడుకుతుండగా, నాలుగేళ్ళకి పైగా మన ఇంటికొచ్చిన మనుషులు వాళ్ళు. సొంత పిన్నికూతుర్ని కూడా అన్నిసార్లు చూసి ఉండం.

నాకు ఇబ్బందల్లా ఏడుపు తర్వాత వచ్చే మాటతోనే. "వాళ్ళని మళ్ళీ తీసుకురావాల్సిందే" అంటాం చూడండి, అదీ.

నేను దేని గురించి అంటున్నానో మీకు అర్థమయ్యే ఉంటుంది. 2017లో స్టార్ మాలో మొదలైన కార్తీకదీపంలో, 2022 మార్చిలో కారు ప్రమాదం పెట్టి వంటలక్కనీ డాక్టర్ బాబునీ ఒకేసారి చంపేశారు. పిల్లల్ని పెద్దవాళ్ళని చేసి కథ ముందుకు నడిపారు. ఎంత గొడవైందో గుర్తుందా? ఇక ఈ సీరియల్ చూడం అన్నారు, చాలామంది నిజంగానే మానేశారు. కొన్ని నెలలు తిరక్కుండానే ఇద్దరూ బతికొచ్చారు.

ఆ కోపంలో న్యాయం లేదని నేననను. దీప కథ ఏమిటి? నల్లగా ఉందని మొదట్నుంచీ చిన్నచూపు. తర్వాత కట్టుకున్నవాడే అనుమానించాడు. వండి వడ్డించి పిల్లని పెంచుకుంది. ఆమె తప్పేమీ లేదని తేలే రోజు కోసం మనం ఏళ్ళ తరబడి కూర్చున్నాం. తీరా నాలుగు రోజులు సుఖపడే వేళకి ఆమెని లోయలోకి తోసేస్తే మండదా మరి? చేయని తప్పుకి మాటలు పడ్డ ఆడవాళ్ళు మన చుట్టూ ఎంతమంది లేరు? దీప గెలిస్తే వాళ్ళూ ఒక్కసారి గెలిచినట్టుండేది. మన దుఃఖం అక్కడిది.

ఈ జబ్బు మన ఒక్కరిదీ కాదు. 1893లో ఇంగ్లండులో కానన్ డాయిల్ తన షెర్లాక్ హోమ్స్‌ని జలపాతంలో పడేశాడు. చరిత్ర నవలలు రాసుకుందామంటే ఈ డిటెక్టివ్ అడ్డుపడుతున్నాడని ఆయన విసుగు. అంతకు రెండేళ్ళ ముందే చంపేస్తానంటే వద్దని ఆపింది ఎవరనుకున్నారు? వాళ్ళమ్మే! చంపాక పాఠకులు పత్రికకి చందాలు మానేశారు, ఆయనకి తిట్లు రాశారు. చివరికి 1903లో హోమ్స్ తిరిగొచ్చాడు. శవం దొరకలేదు కదా, అది పనికొచ్చింది. మన దేశంలో 2000లో మొదలైన క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీలో మిహిర్ చనిపోతే దేశమంతా గగ్గోలు పెట్టింది. మిహిర్ కూడా తిరిగొచ్చాడు.

సరే, తిరిగొచ్చి ఏం చేశారు? మిహిర్‌కి గతం గుర్తులేదు, పక్కన మందిర చేరింది. డాక్టర్ బాబుకీ గతం గుర్తులేదు, పక్కన మోనిత చేరింది. దీప మళ్ళీ మొదటికొచ్చింది. భర్త తనని గుర్తుపట్టాలని మళ్ళీ ఏడుపు, మళ్ళీ ఎదురుచూపు. మనం అడిగి తెచ్చుకున్నది దీప సుఖాన్ని అనుకున్నాం. వచ్చింది దీప కష్టాలకి రెండో విడత. 2023 జనవరిలో ఆ సీరియల్ అయిపోయింది.

ఇప్పుడు ఇంకో చావు గుర్తుచేస్తాను. బాలికా వధు మనకి చిన్నారి పెళ్ళికూతురుగా వచ్చింది కదా, అందులో సుగుణ. చిన్నప్పుడే పెళ్ళి, కాపురానికి వెళ్ళకముందే భర్త ప్రతాప్ చనిపోతాడు. అప్పటికే ఆమె కడుపుతో ఉంది. ఆ పిల్లకి సొంత ఇంట్లోనే విధవ బతుకు ఎలా ఉంటుందో చూపించారు, తర్వాత శ్యామ్‌తో మళ్ళీ పెళ్ళి చేశారు. ప్రతాప్‌ని బతికించి తీరాలని పట్టుబట్టి సాధించుకుని ఉంటే ఏమయ్యేది? వితంతువుకి మళ్ళీ పెళ్ళి చెయ్యడం గురించి ఎన్నో ఇళ్ళల్లో అత్తాకోడళ్ళు ఒకే సోఫాలో కూర్చుని చూసిన కథ ఉండేదే కాదు.

మనకి చావు చూసే ధైర్యం లేక కాదు. పద్మవ్యూహంలో అభిమన్యుడు పడిపోతాడని చిన్నప్పట్నుంచీ తెలుసు, తెలిసే వింటాం, తెలిసే ఏడుస్తాం. 1978లో మరోచరిత్రలో ప్రేమికులిద్దరూ చనిపోతే ఆ సినిమాని నెత్తిన పెట్టుకున్నాం. రోజూ వచ్చే సీరియల్ దగ్గరే మన పట్టు పెరుగుతుంది. షూటింగ్ ప్రసారానికి కొద్ది రోజుల ముందే జరుగుతుంది, వారం వారం రేటింగులు వస్తాయి. మనం అరిస్తే వెంటనే వినబడుతుంది. వినబడుతుందని తెలిసేసరికి అడగడం పోయి ఆర్డర్లు వేయడం మొదలవుతుంది.

ఇంకో సంగతి గమనించారా? దీపని చంపొద్దన్న నోటితోనే "ఆ మోనితని చంపేయండి" అంటాం. పాత్రని అంటే సరే, వేషం వేసిన అమ్మాయిని బజార్లో పట్టుకుని తిట్టేవాళ్ళని ఏమనాలి? ఆమె పొద్దున్నే ఇంట్లో టిఫిన్ చేసి, పిల్లలుంటే బడికి పంపి, పనికొచ్చిన మనిషి. రాసినవాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టడమూ అంతే. వాళ్ళూ ఆ పని మీద బతికేవాళ్ళే.

మనకి ఏ హక్కూ లేదా అంటే, ఉంది. నచ్చకపోతే రిమోట్ మన చేతిలోనే ఉంది. ఈ చావు కథకి అవసరమై వచ్చిందా, రేటింగు కోసం వచ్చిందా అని గట్టిగా అడగొచ్చు. ఇన్నేళ్ళు ఏడ్పించిన ఆడదానికి ఆ ముగింపేమిటని నిలదీయొచ్చు. నాలుగు రోజులు బాగా చూపించి కథ అక్కడితో ఆపేయండని కూడా అనొచ్చు. చిత్రమేమిటంటే, ఆ ఒక్కటీ మనం ఎప్పుడూ అడగం. దీప సుఖపడాలంటాం కానీ సీరియల్ అయిపోకూడదంటాం. ఆ రెండూ కుదరవని రాసేవాళ్ళకి మనకంటే బాగా తెలుసు.

చావుని వెనక్కి తిప్పించుకోవడం అలవాటయ్యాక పోగొట్టుకున్నది కూడా చూసుకోవాలి. ఇప్పుడు తెర మీద ఎవరైనా పోతే పక్కనున్న పిల్లలు కూడా "శవం చూపించలేదుగా, వస్తాడులే" అంటున్నారు. అవునవును అంటూ మనం లేచి కూర కలపడానికి వెళ్తున్నాం. వంటలక్క పోయినప్పుడు వచ్చిన ఆ కన్నీళ్ళు ఇప్పుడు రావడం లేదు. నాకైతే అవే మేలనిపిస్తుంది. మీరేమంటారు?