బిగిసిన చక్రము: తప్పెవరిది?

గడచిన వేసవిలో మన సంఘపు వ్యాను 60 బాక్సుల టమాటాలతో మదనపల్లె మార్కెట్టునకు పోవుచు నడుమ త్రోవలో నిలిచిపోయిన సంగతి సభ్యులెల్లరు నెఱిగినదే. ముందువైపు ఎడమ చక్రము బిగిసిపోయి, బండిని ప్రక్కకు నెట్టుటకైనను వీలుకాలేదు. వేఱొక బండి దొరకి సరకు చేరునప్పటికి వేలములు ముగిసెను. మఱునాడు మెత్తబడిన కాయ తగ్గిన ధరకు పోయెను. ఈ నష్టమును డ్రైవరు జీతమునుండి రాబట్టవలెనని కొందఱు సభ్యులు కోరుచున్నారు. రాబోవు సర్వసభ్య సమావేశమున నీ కోరిక చర్చకు వచ్చును. అది న్యాయము కాదని మా యభిప్రాయము. కారణములను సభ్యుల యెదుట నుంచుచున్నాము.

ముందుగా మా తప్పు నొప్పుకొందుము. సరకును తరగతులుగా వేఱుచేయు పద్ధతిని మార్కెట్టులో చూపుటకై ఆ దినమున మేమును ఆ వ్యానులోనే పోయితిమి. ఊరు దాటిన కొంతసేపటికి డ్రైవరు, “అయ్యా, బండి ఎడమకు లాగుచున్నది. కాలిన వాసనయు వచ్చుచున్నది. ఒక్కమారు ఆపి చూచెదను” అనెను. వేళ మించునని మేము భయపడి, “ముందు మార్కెట్టు చేరుదము, తిరుగుదలలో చూచుకొనవచ్చును” అంటిమి. వారము దినములకు ముందే అతడు ఈ మాటనే కార్యాలయమున చెప్పియుండెనని తరువాత తెలిసినది. కాయ దిగుబడి తగ్గిన పిదప చూతమని యచ్చట వచ్చిన జవాబు. చక్రము రెండుసార్లు హెచ్చరించెను, డ్రైవరు రెండుసార్లు విన్నవించెను, విననివారము మనము.

ఇక చక్రమెట్లు బిగిసెనో తెలిసికొనిననే గాని తీర్పు చెప్పరాదు. ముందు చక్రముతో గుండ్రని యినుప పళ్లెము వంటి డిస్కు తిరుగుచుండును. దానిని కాలిపరు అను భాగము పట్టుకారువలె ఇరుప్రక్కల నుండి పట్టును. పెడలు త్రొక్కినపుడు బ్రేకు నూనె యొత్తిడికి లోని పిస్టను ఒకవైపు ప్యాడును నొక్కును. అప్పుడు కాలిపరు మొత్తము రెండు సన్నని కడ్డీలపై జరిగి రెండవవైపు ప్యాడును డిస్కునకు చేర్చును. పెడలు వదలినపుడు పట్టు సడలవలెను. ఆ కడ్డీలు ఎండి తుప్పుపట్టినచో పట్టు సడలదు. ప్యాడు డిస్కును రాచుచునే యుండును. రాపిడి వలన వేడి పుట్టును, వాసన వచ్చును, బండి ఆ ప్రక్కకే లాగును.

ఆనాడు రప్పించిన మెకానిక్కు తొందరపడక వరుసగా పరీక్షించెను. ఆ వరుస సభ్యులకును, ఇంట బండ్లున్న వారికిని ఉపయోగించును. మొదట అతడు చక్రమును చల్లాఱనిచ్చెను. మండుచున్న డిస్కును తాకిన చేయి కాలును. నీళ్లు పోసిన డిస్కు వంకరపోవచ్చును, బీటలును వాఱవచ్చును. పిమ్మట వెనుక చక్రములకు రాళ్లు అడ్డము పెట్టి, గేరు తీసి, జాకీతో ముందుభాగమును లేపి, బలమైన దిమ్మెపై నిలిపెను. జాకీని మాత్రమే నమ్మి బండి క్రిందికి పోవుట ప్రాణాపాయము.

అటుపై చక్రమును మీదను క్రిందను పట్టుకొని ఊపి చూచెను. కదలిక యున్నచో బేరింగుపై అనుమానము. బేరింగు చెడినచో వేగముతో హెచ్చు రొద కొన్ని దినముల ముందే వినిపించును. మన చక్రమునకు కదలిక లేదు, రొదయు వినబడియుండలేదు. తరువాత కాలిపరుపై గాలి తీయు చిన్న మరను కొంచెము వదలించెను. నూనె చిమ్మి చక్రము వదలినచో ఒత్తిడి లోపల చిక్కుకొన్నదని అర్థము. రబ్బరు గొట్టము లోపొర ఊడి నూనెను పోనిచ్చి తిరిగి రానీయకుండుట దీనికొక కారణము. రెండు ముందు చక్రములును బిగిసినచో పైనున్న మాస్టరు సిలిండరును చూడవలెను. మర వదలించినను చక్రము కదలనిచో పిస్టనైనను కడ్డీలైనను పట్టుకొనిపోయి యుండును.

మన చక్రము కదలలేదు. కాలిపరును ఊడదీయగా కడ్డీలపై రబ్బరు తొడుగులు చినిగియుండెను. లోనికి నీరు చేరి కడ్డీలు ఎఱ్ఱగా తుప్పుపట్టెను. పిస్టను వైపు ప్యాడు రేకు వఱకు అరిగిపోయెను. రెండవది సగము మిగిలియుండెను. ఇట్టి తుప్పు ఒక్క దినమున పట్టునది కాదు. ఇది ఆనాటి డ్రైవరు నడకవలన కలిగిన లోపమని చెప్పుట యెట్లు?

కడ్డీలను శుభ్రపఱచి, క్రొత్త తొడుగులు వేసి, బ్రేకులకు తగిన సిలికాను గ్రీజు పూసిరి. డిస్కు మందము కొలిచి పనికివచ్చునని నిర్ణయించిరి. ఒకవైపు మాత్రమే మార్చిన బండి బ్రేకు వేసినపుడు ప్రక్కకు లాగును గనుక రెండు ముందు చక్రముల ప్యాడులును మార్చిరి. నూనెను పూర్తిగా మార్చి గాలి తీసిరి. ఇంజను ఆయిలునుగాని సామాన్యపు గ్రీజునుగాని ఇచ్చట వాడరాదు. వానివలన రబ్బరు ఉబ్బి చెడును.

నూనె విషయమున మఱియొక మాట. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 3 తరగతి నూనె క్రొత్తదైనపుడు కనీసము 205 సెంటీగ్రేడు డిగ్రీల వఱకు మరుగరాదని నియమము; తేమ చేరిన పిదప ఆ హద్దు 140కి దిగును. రాచుకొను చక్రపు వేడికి నూనె మరిగినచో ఆవిరి పుట్టి, పెడలు క్రిందికి పోవును, బ్రేకు పట్టదు. చక్రము బిగిసి బండి నిలుచుట మన అదృష్టమనియే చెప్పవలెను. ఏ దిగుడులోనో బ్రేకు పట్టక పోయియున్నచో మనము టమాటాల ధరను గూర్చి గాక మనుష్యులను గూర్చి మాటలాడుకొనుచుందుము.

రైతు సోదరులారా, ఎద్దుబండి కట్టువాడు ఇరుసునకు కందెన పెట్టక పయనము సాగించునా? ఇరుసు కీచుమనినచో బండి నిలుపుటకు ఎవరి యనుమతియైనను అడుగునా? బండి తనది గనుక అడుగడు. సంఘపు వ్యాను అందఱిదియు గనుక ఎవరిదియు కాకపోయినది. చెడిన పిదప మరమ్మతుకు పాలకవర్గము వెంటనే సొమ్ము మంజూరు చేయును. చెడకుండ చూచుటకు మాత్రము పద్దులో చోటు లేదు. కందెనకు రూపాయి ఈయక, ఇరుసు విఱిగిన పిదప బండివానిని దండించుట మనకు తగునా?

డ్రైవరు తన యిష్టమున బండి నిలుపుచుండినచో వేలములు తప్పిపోవునని కొందఱందురు. ఈ భయము పూర్తిగా నిరాధారము కాదు. కాని ఆనాడు పదినిమిషములు నిలిచి, నాలుగు చక్రముల చెంత చేయి తాకకుండ ఉంచి చూచియున్నచో, ఒకటి మిక్కిలి వేడిగా నున్నదని తెలిసియుండెడిది. పదినిమిషముల కొఱకు భయపడి ఒక దినము పోగొట్టుకొంటిమి. వ్యర్థముగా నిలుపుటను అరికట్టుటకు పుస్తకము చాలును. ఎక్కడ, ఎందుకు నిలిపెనో అతడు వ్రాయును, కార్యదర్శి చూచి సంతకము చేయును.

కావున సమావేశమున నాలుగు తీర్మానములను కోరుచున్నాము. మొదటిది, బండి క్షేమమునకు సంబంధించి డ్రైవరు “నిలుపవలెను” అనినచో, అందుండు ఏ సభ్యుడును, మేమును, ఎదురు చెప్పరాదు. రెండవది, అతడు వ్రాసిన లోపమును కార్యాలయము మూడు దినములలో పరీక్షింపించవలెను. మూడవది, ప్రతి కిరాయినుండి కొంత సొమ్ము తీసి బండి పోషణకై వేఱుగా నుంచవలెను. వర్షాకాలమునకు ముందును వెనుకను కడ్డీలు, తొడుగులు, ప్యాడులు చూపించి, రెండేండ్లకొకమారు బ్రేకు నూనె మార్పించవలెను. నాలుగవది, ఈ నష్టమును సంఘమే భరింపవలెను. డ్రైవరు జీతమున ఒక రూపాయియు తగ్గింపరాదు.

నిజము చెప్పినవానికి జరిమానా వేసినచో, ఇక మీదట ఏ డ్రైవరును వాసన వచ్చుచున్నదని మనతో చెప్పడు. సభ్యులు తప్పక సమావేశమునకు వచ్చి, ఆలోచించి ఓటు వేయవలెనని ప్రార్థించుచున్నాము. ఆ దినమున ముందుకు పొమ్మనిన మాట మాదేనని మేము సభలోను చెప్పెదము.