ల్యాప్‌టాపునకు మెమొరీ పెంచినంతమాత్రమున వేగము వచ్చునా?

ఈ మాసమున మాకు చేరిన జాబులలో మూడు ఒకే విషయమును గూర్చినవి. ఒకటి తెనాలినుండియు, ఒకటి బాపట్లనుండియు, మూడవది రేపల్లెనుండియు వచ్చినవి. తెనాలి జంక్షనులో ఒక రైలుదారి బాపట్లకును, వేరొక శాఖ రేపల్లెకును చీలినట్లే, ఈ జాబులును ఒకే ప్రశ్నతో బయలుదేరి వేర్వేరు సమాధానములకు చేరుచున్నవి. అందుచే మూటికిని కలిపి ఇచట ప్రత్యుత్తరము వ్రాయుచున్నాము.

తెనాలి సోదరి జాబు చదివి మేము మిక్కిలి నొచ్చుకొంటిమి. కుమార్తె చదువుకొరకు కొన్న ల్యాప్‌టాపు, మీట నొక్కిన నాలుగైదు నిమిషములకుగాని పనికి సిద్ధము కాదట. ఒక దుకాణదారుడు మెమొరీ చాలదనియు, రెట్టింపు చేయించిన సరిపోవుననియు చెప్పగా, ఆమె చీటీపాటలో కూడబెట్టుకొన్న సొమ్ము తీసి 4 జీబీలను 8 జీబీలు చేయించినది. ఇంటికి తెచ్చి చూడగా యంత్రము మునుపటివలెనే నాలుగు నిమిషములు తీసికొన్నది. తెలియని పనిలో తలదూర్చి డబ్బు పోగొట్టితివని ఇంట మాటలు పడవలసి వచ్చినదని ఆమె వాపోయినది. సోదరీ! మీ సొమ్ము పూర్తిగా వ్యర్థము కాలేదు. అయితే మీరు కోరిన పని వేరు, అచట జరిగిన పని వేరు. ఆ భేదమును తెలియజెప్పవలసిన బాధ్యత అమ్మినవానిదేగాని మీది కాదు.

ఈ భేదమును గ్రహించుటకు మన వంటింటినే చూతము. సరకులన్నియు కొట్టుగదిలో నుండును. వంట చేయునపుడు కావలసినవానిని తెచ్చి గట్టుమీద పెట్టుకొందుము. కంప్యూటరులో డిస్కు కొట్టుగది వంటిది. యంత్రము ఆపినను అందలి వస్తువులు చెదరవు. ర్యామను మెమొరీ గట్టువంటిది. పని జరుగునంతసేపే దానిపై వస్తువులుండును, యంత్రము ఆపగానే ఖాళీయగును. కావున మరల తెరచినప్పుడెల్ల విండోసు మొదలగువానిని డిస్కునుండి మోసికొని రావలసినదే. గట్టు వెడల్పు చేసినంతమాత్రమున కొట్టుగదినుండి వచ్చు నడక వడి పెరుగదు గదా!

తెనాలి సోదరి యంత్రములోనిది పాతరకపు హార్డుడిస్కు. దానిలో గుండ్రని పళ్లెము తిరుగుచుండగా, సూదివంటి మొన అటునిటు కదలి కావలసినదానిని వెదకి చదువును. ల్యాప్‌టాపులలోని అట్టి డిస్కులు సాధారణముగా నిమిషమునకు 5400 చుట్లు తిరుగును. యంత్రము తెరచునపుడు చిన్న చిన్న ఫైళ్లనేకము వేర్వేరు తావులనుండి చదువవలసియుండుటచే, ఆ వెదకులాటలోనే కాలమంతయు గడచును. ఎస్.ఎస్.డి. యనుదానిలో తిరుగు భాగమేదియు లేదు. హార్డుడిస్కునకు బదులు దానిని పెట్టించిన, నిమిషములు పట్టు ప్రారంభము తరచుగా సెకండ్లలోనికి దిగును.

బాపట్ల సోదరి కథ వేరు. ఆమె పిల్లలకు ట్యూషను చెప్పుటకును, కుమారుని ఇంజినీరింగు చదువునకును ఒకే యంత్రము. అందు ఎస్.ఎస్.డి. యున్నది గనుక అది శీఘ్రముగానే తెరచుకొనును. కాని ఒకవైపు వీడియో పాఠము, మరియొకవైపు ఇరువది బ్రౌజరు పుటలు తెరచినంతనే కదలక నిలిచిపోవుచుండెడిదట. ఇచట గట్టే చాలలేదు. మెమొరీ నిండినప్పుడు విండోసు కొంత సామగ్రిని డిస్కుమీదికి దించి, అవసరమైనప్పుడు మరల ఎక్కించుకొనును. ఈ ఎక్కుదిగుళ్లే ఆలస్యమునకు కారణము. ఆమె 4 జీబీలను 8 జీబీలు చేయింపగా బాధ తీరినదట. తెరచుకొను కాలము మాత్రము ఇంచుమించు మునుపటంతయే యున్నదట. 8 జీబీలు చాలుచుండగా 16 వేయించినను అట్టి మేలు మరల కనబడదు. ఖాళీ గట్టు వంటను త్వరపెట్టదు.

రేపల్లె సోదరి చీరెల వ్యాపారపు లెక్కలు వ్రాసికొను ల్యాప్‌టాపు మిక్కిలి పలుచనిది. దానిలో మెమొరీని బోర్డునకే టంకము పెట్టి అతికియుండుటచే పెంచుటకు తావు లేదు. క్రొత్తది కొనుటయే గతియని ఆమెకు చెప్పిరట. యంత్రముతోపాటు తమంత తామే లేచు ప్రోగ్రాముల జాబితాను ముందుగా చూడుమని మేము వ్రాసితిమి. తానెన్నడును వాడనివి అందు తొమ్మిది కనబడినవట. వానిని ఆపివేయగా యంత్రము తేలికపడినదని ఆమె మరల వ్రాసినది. ఒక్క రూపాయియు ఖర్చు కాలేదు.

కావున సొమ్ము చెల్లించుటకు ముందు ఇంటనే పరీక్షించుకొనుడు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడును ఒక్కసారి నొక్కిన టాస్క్ మేనేజరు కనబడును. మీరు నిత్యము చేయు పనులన్నియు తెరచియుంచి, పెర్ఫార్మెన్సు పుటను చూడుడు. మెమొరీ నూటికి ఎనుబది, తొంబది పాళ్లు నిండియున్నయెడల దానిని పెంచుట యుక్తము. మెమొరీ సగమే నిండి, డిస్కు మాత్రము ఎడతెగక నూరుపాళ్లు పనిచేయుచున్నయెడల దోషము డిస్కుది. అది హార్డుడిస్కో, ఎస్.ఎస్.డి.యో, మెమొరీ పెట్టుటకు ఖాళీ స్లాటున్నదో లేదో సాధారణముగా అచటనే తెలియును. స్టార్టప్ పుటలో అనవసరపు ప్రోగ్రాములను ఆపవచ్చును.

దుకాణమున అడుగవలసినవి కొన్ని కలవు. డి.డి.ఆర్. 3 రకపు యంత్రమునకు డి.డి.ఆర్. 4 మెమొరీ అమరదు. గంటు తావే వేరు. మీ విండోసు 32 బిట్ల రకమైనచో 4 జీబీలకు మించిన మెమొరీ దానికి ఉపయోగపడదు. డిస్కు మార్పించునెడల ఫొటోలను, పత్రములను ముందుగా వేరొకచోట భద్రపరచుకొనుడు. తీసివేసిన పాత భాగమును తప్పక అడిగి తెచ్చుకొనుడు. యంత్రము తెరచుకొనుటకెంత కాలము పట్టుచున్నదో మార్పునకు ముందును, పిదపను గడియారము చూచి వ్రాసికొనుడు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11కు కనీసము 4 జీబీల మెమొరీ కావలయును. పాత యంత్రముపై సొమ్ము పెట్టుటకు ముందు అది విండోస్ 11ను స్వీకరించునో లేదో తెలిసికొనుట మేలు. కృత్రిమ మేధకై పెద్ద కేంద్రములు విరివిగా మెమొరీ కొనుచుండుటచే 2025 చివర దాని ధరలు లోకమంతట పెరిగినవి. అందుచే తొందరపాటునకు మూల్యము హెచ్చు.

మినప్పప్పు కొనునపుడు గుప్పెడు చేతిలోనికి తీసికొని, రాళ్లున్నవేమో చూచిగాని మనము బేరమాడము. అపుడు సిగ్గుపడము, ఎవరి అనుమతియు కోరము. మెమొరీ కొనునపుడు మాత్రము ఎందులకు వెనుదీయవలెను? తెనాలి సోదరీ! మీరు వేయించిన మెమొరీ యంత్రములోనే యున్నది; చేతికి మరల సొమ్ము వచ్చినప్పుడు ఎస్.ఎస్.డి. పెట్టింపుడు. అప్పుడు గట్టు విశాలమై, కొట్టుగది చేరువై, అమ్మాయి చదువునకు రెండును తోడ్పడును. ఈ జాబును ఇంటివారికిని చదివి వినిపింపుడు.