కనుబొమలకు పచ్చబొట్టా? ముందు కారణం వెదకండి

కనుబొమలు పలచబడగానే పచ్చబొట్టు పొడిపించుకొనుటకు పరుగెత్తడం తొందరపాటని మా అభిప్రాయం. బొమల వెలుపలి కొనలు రాలిపోవడం థైరాయిడ్ లోపానికి సూచన కావచ్చును. కుష్ఠువ్యాధిలోను బొమల వెండ్రుకలు రాలుతాయి. రంగు వేసి వ్యాధిని కప్పిపుచ్చరాదు. మొదట వైద్యునికి చూపించి, అవసరమైతే రక్తపరీక్ష చేయించుకొనవలెను.

అటుపిమ్మట కూడ పొడిపించుకోదలచినచో, మీ కళ్లెదుట విప్పిన కొత్త సూదినే వాడమనండి. ఒకరికి వాడిన సూది వల్ల హెపటైటిస్ బి, సి, ఎయిడ్స్ క్రిములు సోకే ప్రమాదం ఉంది. గాయం మానిన చోట మచ్చ ఉబ్బే తత్త్వం గలవారు, గర్భిణులు, మధుమేహం అదుపులో లేనివారు మానుకొనుటే మేలు.

పెన్సిలుతో దిద్దిన బొమ నచ్చకపోతే సాయంత్రానికి కడుగుకొనవచ్చును. చర్మం లోపలికి దిగిన రంగు ఏళ్లు గడచి వెలిసినను పూర్తిగా పోకపోవచ్చును.